ఆముదం తాగే జావా

బండి పోయింది ఆదివారం. పోలీసులు ఒక మనిషిని పట్టుకున్నది సోమవారం. చంద్రకళ రాయపురంలోని ఆ సందు మొదట్లో స్కూటీ ఆపింది మంగళవారం పొద్దున పదకొండూ ఇరవైకి. అందరికంటే వెనకొచ్చిందన్నమాట. వెనకొచ్చినవాళ్లకీ ఒక సుఖముంది. ముందొచ్చినవాళ్లు ఎక్కడ తొక్కారో చూసి, తొక్కని చోట కాలు పెట్టుకోవచ్చు.

ఇరవై రెండేళ్లు పోలీసు ఉద్యోగం చేసి, పై అధికారితో పడక రాజీనామా కాగితం మొహాన కొట్టి, తొండియార్‌పేటలో ఒక మేడగదికి డిటెక్టివ్ అని బోర్డు తగిలించుకున్న మనిషి చంద్రకళ. నలభై ఆరేళ్లు. నోరు కొంచెం పదును. పాత బండ్ల పిచ్చోళ్లంటే ఆమెకి మొదట్నుంచీ చిరాకు. వారానికి ఆరు రోజులు కదలని ఇనుముని ఇంట్లో పెట్టుకుని, ఏడో రోజు తుడిచి మురిసిపోయే ఈ జబ్బేమిటో ఆమెకి ఎప్పుడూ అర్థం కాలేదు. ఈ కేసు కూడా వద్దనే అందామనుకుంది. కానీ నిన్న సాయంత్రం మేడ మెట్లెక్కి వచ్చిన అరవై మూడేళ్ల లూర్దుమేరి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, నొక్కి చెప్పే చోటల్లా అరవపు 'దా' తగిలించే రాయపురం తెలుగులో, నిలబడే ఒక మాట చెప్పింది.

"నాకు బండి తోలను రాదమ్మా. దాన్ని నిలబెట్టి చూసుకునేదానికి దా కొన్నా. ఆయన్ది అని నాకు మిగిలింది అదొకటే. అది పోతే ఆయన రెండోసారి పోయినట్టు."

ఆయన అంటే ఆరోగ్యసామి, ఆమె భర్త. హార్బరులో క్రేన్ తోలేవాడు. డెబ్బై ఒకటో సంవత్సరపు మెరూన్ రంగు జావా ఆయనది. తొంభై ఆరు నవంబరులో ఒక మధ్యాహ్నం ఇద్దరు కొత్త మనుషులు సందులోకి వచ్చి, ఇంటి ముందు నిలబెట్టిన జావాని చూపించి, ఈ బండి ఎవరిదని అడిగి వెళ్లారు. మూడో రోజు పొద్దున ఆరోగ్యసామి డ్యూటీకని అదే బండెక్కి వెళ్లాడు. తిరిగి రాలేదు. రేవులో ఏదో సరుకు దారి తప్పడం కళ్లారా చూశాడని, చూసినందుకే మాయం చేశారని జనం అనుకున్నారు. సముద్రంలో పడిపోయి ఉంటాడని కాగితం రాసి కేసు మూసేశారు. శవం దొరకలేదు. బండీ దొరకలేదు.

అప్పట్నుంచి ఇరవై తొమ్మిదేళ్లు లూర్దుమేరి ఆ బండి ఆర్సీ బుక్కుని బైబిల్లో పెట్టుకుని తిరిగింది. రోడ్డు మీద మెరూన్ జావా కనిపిస్తే చాలు, బస్సు దిగి మరీ వెంటపడి, ఇంజను నంబరు చూపించమని బతిమాలేది. కొందరు చూపించారు, కొందరు విసుక్కున్నారు. ఈ ఆగస్టులో పాత బండ్ల ప్రదర్శన ఒకటి జరిగితే అక్కడికీ వెళ్లింది. కళ్లజోడు సర్దుకుని నేల మీద మోకాళ్లూని, ఒక బండి ఇంజను మీద వేలు పెట్టి ఒక్కొక్క అంకే చదివింది. ఆఖరి అంకె కూడా కలిసింది.

ఆ బండి ఓనరు వంశీకృష్ణ. ఒంగోలు వైపు కుర్రాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సూళ్లూరుపేటలో పాత ఇనుము కొట్లో తుప్పు పట్టి పడున్నదాన్ని కొని, రెండేళ్లు నట్టు నట్టూ వెతికి తెచ్చి నిలబెట్టాడు. అమ్మనంటే అమ్మనన్నాడు. లూర్దుమేరి ఏడు ఆదివారాలు వాళ్ల అపార్ట్‌మెంటు కింద గట్టు మీద వచ్చి కూర్చుంది. ఏడో ఆదివారం అతను దిగివచ్చి, ఆర్సీ బుక్కు చూసి, ఇనుము కొన్న రేటుకే ఇచ్చేశాడు. టెంపోలో ఎక్కించి తెచ్చి దింపి, గేటుకి చైనూ తాళమూ కూడా తనే కొనిచ్చి వెళ్లాడు.

ఎనిమిదో రోజు మళ్లీ ఆదివారం. ఆమె ఏడు గంటల పూజకి చర్చికి వెళ్లి ఎనిమిదీ ఇరవైకి తిరిగొచ్చింది. గేటు వేసే ఉంది. తాళమూ వేసే ఉంది. లోపల బండి మాత్రం లేదు.

ఈ సంగతులన్నీ నెమరేసుకుంటూ చంద్రకళ సందు చూసింది. అటు చివర హార్బరు గోడ అడ్డం. దారి ఇటొక్కటే. సందు మొదట్లో కన్నియమ్మ అనే డెబ్బై ఏళ్ల మనిషి ఆప్పాల పెనం. పొద్దున ఐదున్నర నుంచి పది దాకా ఆమె అక్కడినుంచి లేవదు. బండి ఎటు పోయినా ఆమె మోకాలి పక్కనుంచే పోవాలి. ఏమీ చూడలేదు, ఏమీ వినలేదు అని ఆమె పోలీసులకి చెప్పిందట. ముసలిదానికి చెవుడని ఎస్సై రాసుకున్నాడట. చంద్రకళ గిన్నెలు తోముకుంటున్న ఆమె వెనగ్గా వెళ్లి, గొంతు బాగా తగ్గించి, ఆప్పాలు అయిపోయాయా అని అడిగింది. "పదికే అయిపోయినాయమ్మా" అని జవాబు వెంటనే వచ్చింది. తల కూడా తిప్పలేదు.

చెవులు భేషుగ్గా ఉన్నాయి. మరి అబద్ధం ఎందుకో.

లూర్దుమేరి ఇంటి పక్కన ఆరడుగుల వెడల్పు రేకుల షెడ్డు. దానికి ఇనప గేటు. లోపలికి పోవద్దని పోలీసులు చెప్పారని, రెండు రోజులుగా ఆమె గడప బయటే నిలబడి చూస్తోంది. చీపురు కూడా పెట్టలేదు. చంద్రకళ ఒక్కతే లోపలికి వెళ్లింది. పోలీసు బూట్ల గుర్తులు మధ్యలో బోలెడు. వెనక మూల మాత్రం ఎవరూ తొక్కలేదు.

మధ్యలో సెంటర్ స్టాండు దిగిన గుంట. స్టాండు తీశాక బండి నిలబడ్డ చోట, ముందు టైరూ వెనక టైరూ నేల మీద అటూ ఇటూ రాసుకుపోయిన నల్లటి గీతలు. ఒకసారి కాదు, పదిహేను ఇరవైసార్లు. బండిని ముందుకి తోయలేదు. నిలబెట్టినచోటే పట్టుకుని కుడికీ ఎడమకీ ఊపారు. దొంగతనానికి వచ్చినవాడు బండిని ఉయ్యాల ఊపడమేమిటో ఆమెకి తోచలేదు. గోడకి మోకాలి ఎత్తులో కొత్త పొగ మరక ఒకటి. అంటే బండిని దొర్లించుకుపోలేదు, ఇక్కడే స్టార్ట్ చేశారు. మరక ఒకటే. పదిసార్లు తన్ని, ఆగి, మళ్లీ తన్నిన పొగ కాదది.

వెనక మూలలో ఐదారు చుక్కలు. పసుపుపచ్చగా, చిక్కగా, రెండు రోజులైనా ఆరకుండా దుమ్ము పట్టి ఉన్నాయి. వేలితో అద్దుకుని వాసన చూసింది. ఒక్కసారిగా ఏడేళ్ల పిల్ల అయిపోయింది. ముక్కు మూసి, తల వెనక్కి వంచి, వేడి కాఫీలో కలిపి అమ్మమ్మ గొంతులో పోసిన ఆముదం. ఆ వాసన తెలుగు పిల్లకి కాటికి పోయినా గుర్తుంటుంది.

మోటారు సైకిలు షెడ్డులో ఆముదమేమిటని ఆమె గేటు దగ్గరికి వచ్చి చూసింది. గేటుకి ఎడమపక్క తాళం, కుడిపక్క రెండు ఇనప ముళ్లు. గేటు చెవులు ఆ ముళ్ల మీద కూర్చుని తిరుగుతాయి. ఆ ముళ్ల మీద తుప్పు కొత్తగా రాలింది. అక్కడా అదే జిగట.

చంద్రకళ ఇంకా వేలు తుడుచుకోలేదు, సందు మొదట్లో జీపు ఆగింది. పదకొండూ నలభై ఐదు.

దిగింది ఎస్సై కార్తీ. ఒకప్పుడు చంద్రకళ కింద పనిచేసి, ఆమె దగ్గరే పంచనామా రాయడం నేర్చుకుని, ఇప్పుడు ఆమెని చూస్తే నవ్వు ఆపుకునే కుర్రాడు. ముప్పై నాలుగేళ్లు. ఇంట్లో అరవమే అయినా తల్లిది తెలుగు ఊరు తడ కాబట్టి, ఎవర్నైనా పొడవాలంటే మాత్రం తెలుగులోకి దిగుతాడు. ఈ స్టేషనులో కొత్త కేసులు పట్టేవాడు తనొక్కడేనని అతని నమ్మకం. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమని చంద్రకళ మనసులో అనుకుని, ఆ సామెత ఇవాళే గుర్తురావడానికి లోపల్లోపల నవ్వుకుంది.

అతని వెనక వంశీకృష్ణ. రెండు రోజుల గడ్డం, నలిగిన చొక్కా. సంఘటన స్థలం చూపించడానికి తెచ్చామని, నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు పెడతామని కార్తీ చెప్పాడు.

"మీకెందుకు మేడమ్ ఈ శ్రమ. తాళం పగల్లేదు. దానికి రెండే చెవులు. ఒకటి ఈ అమ్మ దగ్గర, రెండోది వీడి జేబులో. ఆదివారం ఆరూ ముప్పై ఐదు నుంచి ఏడూ ఐదు దాకా వీడి ఫోను ఈడనే ఉండాది. అమ్మినాక రెండుసార్లు మెసేజి కూడా పెట్టినాడు, ఆంటీ, మళ్లా నాకే ఇచ్చేస్తారా అని. ఇంకేం కావాలి?"

"బండి కావాలి," అంది చంద్రకళ. "అది యాడుంది?"

కార్తీ మొహం ఆముదం తాగినట్టయింది. అది వీడే చెప్తాడులే అని గొణిగాడు. అడగడానికి తనకి ఐదు నిమిషాలిస్తే చాలునని చంద్రకళ అంది. ఒకప్పటి మొహమాటం కొంచెం మిగిలి ఉండబట్టి అతను చేతికి ఉన్న వాచీ చూసుకుని, ఐదంటే ఐదే అన్నాడు.

వంశీకృష్ణని ఆమె గడప మీద కూర్చోబెట్టి, తను ఎదురుగా నిలబడింది. ఆదివారం ఎందుకొచ్చావంటే అతను చెప్పులు చూసుకుంటూ చెప్పాడు.

"చూద్దామని వచ్చానండి. అంతే. రెండేళ్లు పడుకునేముందు దాన్ని చూసే పడుకున్నాను. ఇచ్చేశాక ఇంటికెళ్తే పార్కింగులో ఆ ఖాళీ చోటు చూడలేకపోతున్నాను. ఆంటీ తుడుస్తుంటే చూసి వెళ్లిపోదామనుకున్నాను. ఆవిడ ఆరూ యాభైకి చర్చికి వెళ్లిపోయారు. ఆంటీ దాచమన్న చెవి జేబులో ఉన్నా, ఆవిడ లేనప్పుడు తీయబుద్ధి కాలేదు. తాళం వేసిన గేటు ముందు ఎంతసేపు నిలబడతాను? సిగ్గేసి, టీ తాగి వెళ్లిపోయాను."

చంద్రకళ అతన్ని నమ్మింది. నమ్మకం సాక్ష్యం కాదు కనక మూడు ప్రశ్నలు వేసింది. బండి ఎన్ని కిక్కులకి స్టార్టయ్యేదని అడిగింది. బుద్ధి పుట్టిన రోజైతే పన్నెండు, లేకపోతే ఇరవై అని, దానికి కిక్కూ గేరూ ఒకే రాడ్డు కాబట్టి తెలియనివాడికి అసలు తన్నడమే రాదని అతను చెప్పాడు. ట్యాంకులో పెట్రోలు ఎంతుందని అడిగింది. చుక్క కూడా లేదని, టెంపో ఎక్కించేముందు మొత్తం తీసేశామని చెప్పాడు.

"ఇలాంటి పాత ఇంజనుకి పెట్రోల్లో నూనె కలపాలి కదా. నువ్వేది కలిపేవాడివి?"

"బంకులో అమ్మే టూ-టి ఆయిలేనండి. నీలంగా, పల్చగా ఉంటుంది. ఏం?"

చంద్రకళ గేటు దగ్గరికి వెళ్లింది. కార్తీని పిలిచి, తాళం సరిగ్గా ఉందో లేదో నువ్వే లాగి చూడవయ్యా అంది. అతను లాగాడు. గట్టిగానే ఉంది. అప్పుడామె కుడిపక్కకి వెళ్లి, గేటు అడుగుకమ్మీ కింద పాదం ఆనించి, రెండు చేతులా పైకెత్తింది. గేటు చెవులు ముళ్ల మీదనుంచి చప్పుడు లేకుండా లేచి వచ్చాయి. తాళం తాళంలాగే ఉంది, గేటు మాత్రం అటుపక్క తెరుచుకుంది. మళ్లీ కూర్చోబెడితే ఎప్పట్లాగే అయింది.

అయితే వీడికి ఈ విద్య తెలుసన్నమాట అన్నాడు ఎస్సై. వంశీకృష్ణ తెల్లబోయి చూస్తున్నాడు.

లూర్దుమేరి మాత్రం నేల మీద కూర్చుని ఆ ముళ్లని వేలితో తడిమింది. చంద్రకళ ఆమె పక్కన గొంతుక్కూర్చుంది.

"ఈ గేటు ఎవరు పెట్టించింది అక్కా?"

"ఆయన దా. డ్యూటీ నించి వచ్చేటప్పుడు తాళంచెవి మరిచిపోయి వస్తాడు. నన్ను లేపకూడదని అట్ట పెట్టించినాడు. మా ఇద్దరికి తప్ప ఎవురికీ తెలవదు."

చంద్రకళ వేలు ఆమె ముక్కు దగ్గర పెట్టింది. ఇది ఏమిటో తనకి తెలుసని, కానీ బండి దగ్గర ఎందుకుందో మాత్రం తెలియదని అంది. లూర్దుమేరి ఆ వేలిని రెండు చేతులతో పట్టుకుంది. వదలకుండానే చెప్పింది. ఆరోగ్యసామి జన్మలో బంకు నూనె కొనలేదట. క్రేన్ నేర్పిన ఆయన గురువొకడు, ఇంజను చల్లగా ఉంటుందని ఆముదం పోయడం నేర్పాడట. లీటరుకి ఇంత అని కొలిచి పోసేవాడు. ఆముదం ఒక పట్టాన పెట్రోల్లో కలవదు. అందుకని బండిని పట్టుకుని, చంటిబిడ్డ ఉయ్యాల ఊపినట్టు అటూ ఇటూ ఊపేవాడు. ఊపి ఒక్క తన్ను తన్నేవాడు. రెండోది ఎప్పుడూ అవసరం పడలేదు. ఆయన రాయపురంలో తిరిగితే వీధికి వీధంతా ఆముదం దీపం పెట్టినట్టు వాసన వచ్చేది.

"సచ్చినోడు వచ్చి బండి తోలినాడంటారా మేడమ్," అన్నాడు కార్తీ. ఎవరో ఒకరు పాత సంగతి తెలిసినవాడు ఆముదం సీసా తెచ్చి ఉంటాడని, సందులో ఆ చెవిటి ముసలిది తప్ప సాక్షే లేదని, లేని కథ అల్లొద్దని అన్నాడు.

"నేనేం చెవిటిదాన్ని కాదబ్బా," అంది వెనకనుంచి కన్నియమ్మ.

ఎప్పుడు వచ్చి నిలబడిందో ఎవరూ చూడలేదు. చేతులింకా తడిగా ఉన్నాయి. లూర్దుమేరి వైపు మాత్రమే చూసి మాట్లాడింది.

"మేరీ, నన్ను మన్నించు. ఆదివారం ఏడూ పదికి నేను విన్నా. ఊ అని ఊపినాడు, ఒక్క తన్ను, డుబుడుబుమని లేచింది. నేను పెనం మీద ఆప్పం తిప్పతా, ఆరోగ్యం డ్యూటీకి పోతా ఉండాడు, ఏడు కొట్టింది అనుకున్నా. తల కూడా ఎత్తలేదు. ముప్పై ఏళ్లకి ముందు దినమూ విన్న సద్దు. నా పక్కన్నే పోయినాడు. పిండి అయిపోయి, గిన్నె కడగతా ఉంటే అప్పుడు దా ఒళ్లు ఝల్లుమనింది. ఆరోగ్యం లేడు కదా అని. ఎవురికి చెప్పేది? ముసలిదానికి మతి పోయింది అంటారని నోరు మూసుకున్నా."

చంద్రకళ ఆప్పాల పెనం దాకా సందంతా ఒకసారి చూసింది. ఒక మనిషి బండి శబ్దాన్ని ఒక వీధి ఇంతగా గుర్తుపెట్టుకుంటుందా అనుకుంది. తన స్కూటీ శబ్దం ఈ భూమ్మీద ఎవరికి గుర్తుంటుంది? చిన్నగా అసూయ వేసింది. దాన్ని మింగేసి పనిలో పడింది.

లూర్దుమేరి అడిగింది ఒకటే. "ఒక్క తన్నుకేనా?"

"ఒక్క తన్నుకే."

"నీ బిడ్డ తోడు?"

"నా బిడ్డ తోడు మేరీ."

ఆమె నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే, అయితే తలుపు ఎందుకు తట్టలేదు, ఇంత దూరం వచ్చినవాడు నన్ను చూడకుండా బండిని తీసుకుపోయేదేంది, నేను దానికంటే పాతదాన్ని కదా అని అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు చంద్రకళ దగ్గర సగమే ఉంది. బండి ఇక్కడుందని ఆయనకి ఎలా తెలిసింది? ఆమె చర్చికి పోయే టైము ఎలా తెలిసింది?

వంశీకృష్ణ గడప మీదనుంచి లేచాడు. తప్పు నాదేనేమోనండి అన్నాడు. బండి దింపిన రోజు తీసిన వీడియో ఒకటి పాత బండ్ల గ్రూపులో పెట్టాడట. నాలుగు రోజుల్లో నాలుగు లక్షలమంది చూశారు. సందు, గేటు, నంబరు ప్లేటు, అన్నీ ఉన్నాయి అందులో. ఫోను తీసి చూపించాడు. వీడియోలో లూర్దుమేరి ట్యాంకు మీద చెయ్యి వేసుకుని నిలబడి, రాయపురంలో ఆ పాత ఇంట్లోనే ఉన్నానని, ఆదివారం ఏడు గంటల పూజకి తప్ప ఎక్కడికీ పోనని చెబుతోంది. కెమెరాతో చెబుతున్నట్టు లేదు. ఎవరో ఒకరికే చెబుతున్నట్టుంది.

"ఎవరు పెట్టమన్నారు ఇది?" అంది చంద్రకళ.

"నేనే," అంది లూర్దుమేరి. "యాడన్నా ఉంటే చూస్తాడేమోనని. బండి పోయిన దినం, వచ్చినాడేమో అని ఒక్క నిమిషం అనుకున్నా. ఆయనైతే తలుపు తట్టేవాడు కదా అని ఆ ఆశ వదిలేసినా. అందుకే నీకు చెప్పలేదమ్మా."

నిన్ననే చెప్పి ఉంటే ఒక రాత్రి కలిసొచ్చేదని చంద్రకళకి కోపం వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్లు ఓపిక పట్టిన మనిషి మీద కోపం ఎంతసేపు నిలుస్తుంది? ఆ కోపం చల్లారేలోపే ఇంకో ఆలోచన వచ్చింది. నాలుగు లక్షలమంది చూశారు. అందులో ఆరోగ్యసామి ఒకడు. మిగతావాళ్లు?

"అక్కా, తొంభై ఆరులో ఆ ఇద్దరూ మొదట అడిగింది మనిషిని కాదు, బండిని. ఈ బండి ఎవరిదని. బండి ఈ గేటులో ఉంటే వాళ్లు వచ్చేది ఈ గేటుకే. నీ దగ్గరికే. ఆయన తలుపు తట్టి నీతో కూర్చుంటే, మీరిద్దరూ ఒకేచోట దొరుకుతారు. అందుకని నువ్వు లేని టైము చూసి, వాళ్లు వెతికే వస్తువుని నీ గుమ్మం నుంచి తీసుకుపోయినాడు."

లూర్దుమేరి కళ్లు తుడుచుకుంది. కోపంగా, అంటే ఇప్పుడు వాళ్లు ఆయన్ని వెతుక్కుంటా పోతారు అంది.

కార్తీ ఇంక వెటకారం ఆడలేదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మొండివాడే గాని మూర్ఖుడు కాదు. అయితే ఒక పని అప్పటికే జరిగిపోయింది. సోమవారం పొద్దునే బండి నంబరూ రంగూ అన్ని స్టేషన్లకీ పంపించేశాడు. ఎవరు కనిపెట్టినా ఆపి, తోలేవాణ్ని పట్టుకోమని. దాన్ని వెనక్కి తీసుకోమని చంద్రకళ అడుగుతూ ఉండగానే అతని ఫోను మోగింది. పన్నెండూ పద్దెనిమిది.

అతను అరవంలో మాట్లాడాడు. మధ్యలో ఒకసారి లూర్దుమేరి వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. ఫోను చెవికి ఆనించుకునే చెప్పాడు. మనలిలో రిఫైనరీకి పోయే లారీల రోడ్డు పక్కన బండి నిలబెట్టి ఉందట. మెరూన్ జావా, నంబరు అదే. మనిషి లేడు. దెబ్బలేమీ లేవు. కానిస్టేబులు చెయ్యి పెట్టి చూస్తే ఇంజను ఇంకా కాలుతోందట.

వంశీకృష్ణ అప్రయత్నంగా, ఇంజను సీజయి పట్టేసిందేమో అన్నాడు. లూర్దుమేరి అతన్ని చేత్తో ఆపింది. లేచి కార్తీ ఎదుటికి వెళ్లి నిలబడింది.

"ట్యాంకు కింద పెట్రోలు టాపు తెరిచుండాదా, మూసుండాదా అడుగబ్బా."

కార్తీ అడిగాడు. అవతలివాడు వంగి చూసి చెప్పాడు. మూసి ఉందట.

"అట్టయితే మళ్లా వస్తాడు," అంది ఆమె. "టీకి పోయినా మూసి దా పోతాడు. దొంగ మూయడు. వదిలేసి పోయేవాడూ మూయడు."

ఆమె మొహం చూసి చంద్రకళకి ఆ క్షణంలో అరవై మూడేళ్లు కనిపించలేదు. ముప్పై నాలుగేళ్ల మనిషి, పొయ్యి మీద అన్నం దించి, వీధి చివర శబ్దం కోసం చెవి ఒగ్గి నిలబడ్డట్టుంది.

కార్తీ ఇంకా ఫోను దించలేదు. అవతలివాడు ఇంకేదో చెబుతున్నాడు. సరే, బండి దగ్గరే ఉండు, యూనిఫారం కనిపించేట్టు నిలబడు అని చెప్పి పెట్టేశాడు. చంద్రకళని పక్కకి పిలవబోయి, లూర్దుమేరి కదలకపోవడం చూసి, అక్కడే చెప్పాడు.

"పక్కన టీ కొట్టుంది మేడమ్. మావాడు పోకముందే, పావుగంట కింద, ఇద్దరు కార్లో వచ్చి దిగినారంట. ఇద్దరూ అరవై దాటినోళ్లు. బండి చుట్టూ తిరిగి చూసి, ఈ బండి ఎవరిదని కొట్టోణ్ని అడిగినారంట. తెలవదంటే, మేము కూర్చుంటాములే అని కారు ఎదురుగా పెట్టుకుని కూర్చున్నారంట. ఇంకా ఆడనే ఉండారు."

ఎవరికీ విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది. టాపు మూసి పోయినవాడు తిరిగొస్తాడు. కాచుకున్నవాళ్లకి అదే కావాలి. కార్తీ జీపు వైపు పరుగెత్తుతూ, వంశీకృష్ణని వదిలేయమని కానిస్టేబులుకి సైగ చేశాడు. చంద్రకళ స్కూటీ దగ్గరికి వెళ్లి తాళం తిప్పేసరికి వెనక బరువు పడింది. లూర్దుమేరి అప్పటికే పక్కకి కూర్చుని, చీర కుచ్చెళ్లు చక్రంలో పడకుండా ఒడిసి పట్టుకుని, రెండో చేత్తో చంద్రకళ భుజం పట్టుకుంది. ఎన్నో ఏళ్లు బండి వెనక కూర్చున్న అలవాటు, ఒళ్లు మర్చిపోలేదు.

నువ్వు రావద్దక్కా, ప్రమాదం అని చంద్రకళ అందామనుకుంది. భుజం మీది చెయ్యి వణకడం లేదు. అనకుండా ఊరుకుంది. ఇక్కడినుంచి మనలికి ఎంత తోలినా ముప్పావు గంట. పాత ఇంజను చల్లారడానికి అంతసేపు పట్టదు. ఆ సంగతీ చెప్పలేదు.

"ఇంకా కాలతా ఉండాదని దా కదా చెప్పినాడు," అంది లూర్దుమేరి ఆమె చెవి దగ్గర. "అది చల్లారక ముందే పోవాల. తోలమ్మా."